ఘాటైన ఏల్‌ను ఎవరి చేతి మీదుగా తాగుతున్నాం?

(సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం)

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నాకిచ్చిన అంశం ఘాటైన క్రాఫ్ట్ ఏల్, అంటే బ్రూవరీలు (బీరు తయారుచేసే చోట్లు) శ్రద్ధగా చేసే, వెచ్చదనంలో పులిసే ఒక రకం బీరు, దాన్ని పేటలోని బారులో, బీరు దుకాణంలో ఆస్వాదించడం. ఘాటైనది అంటే ఇక్కడ నా లెక్క సుమారు 8 శాతం ఆల్కహాలు నుండి 12 శాతం దాకా. పేరుకు వైనే గాని నిజానికి బీరే అయిన బార్లీ వైన్, మాడ్చిన మాల్ట్‌తో చేసే నల్లటి ఇంపీరియల్ స్టౌట్, బెల్జియం ట్రిపెల్, క్వాడ్రుపెల్, డబుల్ ఐపీఏ (ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్), జర్మనీ గోధుమ బీర్లలో గట్టిదైన వైట్సెన్‌బాక్, ఇవన్నీ ఈ కుటుంబానికి చెందినవే. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే ఉంది కనుక ముందే చెప్పేస్తాను. ఈ బీర్ల రుచిలో బ్రూవరీ చేసే పని ఎంత ఉందో, దాన్ని మన చేతికి అందించే మనిషి చేసే పనీ దాదాపు అంతే ఉంది. అందుకే బీరును ఎంచుకునే ముందు దాన్ని అమ్మే మనిషిని ఎంచుకోండి. మళ్లీ చెబుతున్నాను, ముందు అమ్మే మనిషిని ఎంచుకోండి. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ ఘాటు ఎక్కడి నుండి వస్తుందో చూడాలి.

వెనక వరుసల వారికి వినిపిస్తోంది కదా? సరే.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. ఆ మాల్ట్‌ను పగలగొట్టి 65 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉన్న వేడినీటిలో కలిపి ఉంచితే, గింజలోని ఎంజైములే గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. అలా వడకట్టిన తియ్యటి ద్రవాన్ని వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్‌తో, అంటే చేదునూ వాసననూ ఇచ్చే ఒక తీగ పూలతో, మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తే, ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ ఇస్తుంది. అంటే ఆల్కహాలు పెరగాలంటే మొదట వోర్ట్‌లో చక్కెర పెరగాలి. బ్రూవర్లు దీన్ని సాంద్రతతో కొలుస్తారు. నీటి సాంద్రత 1.000 అనుకుంటే మామూలు బీరు వోర్ట్ 1.045 ప్రాంతంలో ఉంటుంది, బార్లీ వైన్ వోర్ట్ 1.090 దాటుతుంది. అది పులిసి 1.020 దగ్గర ఆగితే మనకు దొరికేది సుమారు 9 శాతం ఆల్కహాలు. దాదాపు రెట్టింపు మాల్ట్ అన్నమాట. పాతకాలపు ఇంగ్లండు బ్రూవరీలలో ఒకే తొట్టెలోని మాల్ట్ నుండి మొదట దిగిన చిక్కటి వోర్ట్‌తో ఘాటైన ఏల్ చేసేవారు, అదే మాల్ట్ మీద మళ్లీ నీళ్లు పోసి దింపిన పలచటి వోర్ట్‌తో రోజువారీ తాగే తేలికపాటి బీరు చేసేవారు. మొదటి ధారకు అప్పుడూ విలువ ఎక్కువే, ఇప్పుడూ విలువ ఎక్కువే.

ఇక అసలు కష్టం ఈస్ట్ దగ్గర మొదలవుతుంది. ఏల్ ఈస్ట్ సుమారు 18 నుండి 24 డిగ్రీల వెచ్చదనంలో చురుగ్గా పనిచేసే రకం. లాగర్ అనే మరో రకం బీరుకు వాడే ఈస్ట్ అంతకంటే బాగా చల్లని చోట, నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ వెచ్చదనం వల్లనే ఏల్‌లో పండ్ల వాసనలు పుడతాయి. కొన్ని బెల్జియం, జర్మనీ ఏల్‌లలో అరటిపండు వాసన వస్తుందే, అది ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్, అంటే పండ్ల వాసననిచ్చే పదార్థం. లవంగం వాసన వస్తుందే, అది ఒక ఫినాల్, అంటే మసాలా వాసననిచ్చే పదార్థం. ఎవరూ ఆ బీరులో అరటిపండు వేయలేదు, లవంగం వేయలేదు, అంతా ఈస్ట్ చేసిన పని. అయితే వోర్ట్ మరీ చిక్కగా ఉన్నప్పుడు ఈస్ట్ ఒత్తిడికి లోనవుతుంది. అప్పుడు బ్రూవరు ఈస్ట్‌ను ఎక్కువగా వేయాలి, పులవడం మొదలయ్యే ముందు వోర్ట్‌కు ఆక్సిజన్ బాగా అందించాలి, మొదటి రెండు మూడు రోజులు వేడి పెరగకుండా కాపలా కాయాలి. ఈ జాగ్రత్త తప్పితే బరువైన ఆల్కహాళ్లు పుట్టి గొంతులో స్పిరిట్ తాగినట్టు మండుతుంది. మీరు ఎప్పుడైనా ఒక ఘాటైన బీరు తాగి, ఇదేమిటి ఇలా కాలుస్తోంది అనుకున్నారా? ఆ మంట ఘాటుకు గుర్తు అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది తొందరపాటుకు గుర్తు. బాగా చేసిన 10 శాతం ఏల్‌లో ఆల్కహాలు గొంతు దిగాక వచ్చే వెచ్చదనంగా మాత్రమే తెలుస్తుంది. ఆ నెమ్మది రావడానికి బ్రూవరీలో వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి.

చరిత్రను ఇక్కడ కొంచెమే ముట్టుకుంటాను. బెల్జియంలో 1919లో ఒక చట్టం వచ్చింది. బార్లలో, కెఫేలలో జిన్ వంటి స్పిరిట్లను అమ్మకూడదన్నారు. దుకాణంలో కొనాలన్నా ఒకేసారి కనీసం 2 లీటర్లు కొనాలన్నారు. అంత కొనే స్తోమత కూలీలకు ఉండదు కనుక తాగుడు తగ్గుతుందని ఆ చట్టం ఉద్దేశం. మరి కెఫేలో కూర్చుని కొంచెం గట్టిది కావాలనుకున్న మనిషి ఏం చేయాలి? ఆ ఖాళీలోకి ఘాటైన ఏల్ వచ్చిందని బీరు చరిత్ర రాసేవారు చాలామంది అంటారు, ఆ మాట నాకూ సమంజసంగానే తోస్తుంది. బెల్జియంలో బ్రూవరీ నడిపే మోర్ట్‌గాట్ కుటుంబం మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక విక్టరీ ఏల్ పేరుతో చేసిన బీరు 1923లో డువెల్ అయింది, ఇప్పుడు దాని ఆల్కహాలు 8.5 శాతం. వెస్ట్‌మాల్ మఠం 1934లో తన ట్రిపెల్‌ను తెచ్చింది, అది 9.5 శాతం. ఆ 1919 నాటి చట్టాన్ని 1983లో ఎత్తేశారు, కానీ అప్పటికే ఘాటైన ఏల్ ఆ దేశపు కెఫేలలో పాతుకుపోయింది. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించండి, యునెస్కో గుర్తించింది ఏ ఒక్క సీసానో కాదు, సంస్కృతిని. అందులో బ్రూవర్లు ఉన్నారు, వారితోపాటు పోసేవారు ఉన్నారు, కూర్చుని తాగేవారు ఉన్నారు.

అమెరికా కథ వేరు. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో ఓల్డ్ ఫాగ్‌హార్న్ అనే బార్లీ వైన్ చేసింది. 1978లో చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం నుండి అనుమతి దొరికింది, ఆ ఇళ్లలో చేయి తిరిగిన వారే తరువాత చిన్న బ్రూవరీలు పెట్టారు. సియెర్రా నెవాడా వారి బిగ్‌ఫుట్ 1983లో వచ్చింది. 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ ఇంపీరియల్ స్టౌట్‌ను బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాలలో నిలవ చేసింది. ఆ పీపాలు అంత తేలికగా ఎలా దొరికాయంటే, బోర్బన్‌ను ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలని అమెరికా చట్టం చెబుతుంది. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు, స్టౌట్‌కు మాత్రం అదే బంగారం.

ఇక బారు దగ్గరికి వద్దాం. నేను ఎక్కువ సేపు మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఇంత శ్రమతో తయారైన బీరు పీపాలో బారుకు చేరింది. అక్కడ దానికి ఏమవుతుంది? తేలికపాటి లాగర్ ఒక్క సాయంత్రంలోనే పీపా సగం ఖాళీ అవుతుంది. 10 శాతం స్టౌట్ అలా అమ్ముడుపోదు. అడిగేవారు తక్కువ, అడిగినవారు తాగేదీ తక్కువ. కనుక అది పీపాలో రోజుల తరబడి ఉంటుంది, పీపా నుండి కుళాయి దాకా వచ్చే గొట్టంలో రాత్రంతా నిలిచి ఉంటుంది. ఆ గొట్టం లోపలి గోడలకు ఈస్ట్, బాక్టీరియా, హాప్స్ జిగురు పట్టుకుంటాయి. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ గొట్టాలను కనీసం 14 రోజులకొకసారి కడగమని చెబుతుంది. కడగని గొట్టం నుండి వచ్చే బీరులో పులిసిన వాసన, వెన్న వాసన తగులుతాయి. పాపం, తాగేవాడు ఆ తప్పును బ్రూవరీ మీద వేసి, ఈ రకం బీరు నాకు పడదని జీవితాంతం దాని జోలికి పోకుండా ఉంటాడు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. నెలల తరబడి ఒకరు పడిన శ్రమ పది అడుగుల గొట్టంలో పాడైపోవడం!

అందుకే మంచి బారు యజమాని ఏం చేస్తాడో చెబుతాను. ఘాటైన ఏల్‌ను 50 లీటర్ల పెద్ద పీపాలో కాకుండా 20 లీటర్ల చిన్న పీపాలో తెప్పిస్తాడు. కుళాయిలు ఇరవై పెట్టి గొప్ప చెప్పుకోవడం కంటే ఎనిమిది పెట్టి ఎనిమిదీ తాజాగా ఉంచుతాడు. పీపా ఎప్పుడు తెరిచారని అడిగితే చిరాకు పడకుండా తేదీ చెబుతాడు. మీరు కూడా అడగండి, దయచేసి అడగండి. ఈ పీపా ఎప్పుడు పెట్టారు, గొట్టాలు ఎప్పుడు కడిగారు అని మర్యాదగా అడిగితే, తన పని మీద ప్రేమ ఉన్న మనిషి ముఖం వెలిగిపోతుంది. కొనే ముందు ఒక్క గుక్క రుచి చూపించమని అడగడంలో కూడా తప్పేమీ లేదు, చాలా బార్లలో అది వారే ఇస్తారు.

తరువాతిది చల్లదనం. లాగర్‌కు అలవాటుపడిన బార్లలో అన్నిటినీ 3, 4 డిగ్రీల దగ్గర పెడతారు. అంత చలిలో వాసనలు ద్రవం నుండి పైకి లేవవు, నాలుక కూడా మొద్దుబారుతుంది. చల్లదనం వల్ల తీపి అణిగి, చేదు, ఘాటు మాత్రం మిగులుతాయి. బార్లీ వైన్‌కు, ఇంపీరియల్ స్టౌట్‌కు 10 నుండి 13 డిగ్రీలు తగినది. మీకు మరీ చల్లగా ఇచ్చారా? కంగారు పడకండి, గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుని పది పదిహేను నిమిషాలు మాట్లాడుకోండి. మొదట కాఫీ చేదు ఒక్కటే తెలిసిన స్టౌట్‌లో ఎండుద్రాక్ష, బెల్లం, కాల్చిన రొట్టె వాసనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకే గ్లాసులో మొదటి గుక్కకూ చివరి గుక్కకూ ఇంత తేడా చూపించే గుణం తేలికపాటి బీర్లలో చాలా అరుదు. నాకు ఘాటైన ఏల్ మీద ఇంత మక్కువ కలగడానికి ప్రధాన కారణం కూడా ఇదే.

గ్లాసు గురించి రెండు ముక్కలు. నోరు లోపలికి వంగిన, పొట్ట ఉబ్బిన చిన్న గ్లాసు కావాలి, ఎందుకంటే వాసనను అది పట్టి ఉంచుతుంది. సగానికి కొంచెం పైదాకా మాత్రమే పోయాలి. గ్లాసు శుభ్రంగా లేకపోతే, ముఖ్యంగా నూనె జిడ్డు ఉంటే, నురుగు నిలవదు. అంతే, గ్లాసు గురించి ఇంతకంటే శాస్త్రం అక్కర్లేదు.

కొలత మాత్రం చాలా ముఖ్యం, ఇది దయచేసి శ్రద్ధగా వినండి. 4 శాతం బీరు ఒక పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు, తాగితే లోపలికి వెళ్లే స్వచ్ఛమైన ఆల్కహాలు సుమారు 23 మిల్లీలీటర్లు. అదే పైంటు 10 శాతం ఏల్‌తో నింపితే 57 మిల్లీలీటర్లు. గ్లాసు ఒకటే, మనిషి ఒకడే, లెక్క మాత్రం రెండున్నర రెట్లు. 10 శాతం ఏల్‌ను పైంటులో మూడో వంతు, అంటే 189 మిల్లీలీటర్లు, తీసుకుంటే 19 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. బ్రిటన్‌లో మూడో వంతు కొలత చట్టబద్ధమైన కొలతల్లో ఒకటి, ఘాటైన ఏల్‌కు అంతకంటే తగిన కొలత నాకు కనిపించలేదు. ఎవరైనా బారులో 10 శాతం ఏల్‌ను అడక్కుండానే పెద్ద గ్లాసు నిండా పోసి ఇస్తే, ఆ మనిషికి బీరూ తెలియదు, మీ క్షేమమూ పట్టదు.

ఆరోగ్యం మాట దాటవేయడం నాకు ఇష్టం లేదు. బీరైనా, వైనైనా, స్పిరిటైనా అన్నిటిలో ఉన్నది ఒకే ఇథనాల్. ఆల్కహాలు పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే రుజువైన వాటిలో, ఎప్పుడో చేర్చింది. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితం అనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. బ్రిటన్ వైద్యాధికారుల 2016 నాటి సూచన ప్రకారం వారానికి 14 యూనిట్లు మించకూడదు, యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు. బెల్జియంలోని రోష్‌ఫోర్ మఠం చేసే 10 అనే పేరున్న ఏల్ సీసా ఒక్కటి, 330 మిల్లీలీటర్లు, 11.3 శాతం, అంటే 3.7 యూనిట్లు. అలాంటి సీసాలు నాలుగు తాగితే ఆ వారం లెక్క దాటిపోయినట్టే. శరీరం గంటకు సుమారు ఒక్క యూనిట్‌నే వదిలించుకోగలదు, చన్నీటి స్నానం చేసినా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. తాగినవాడు బండి నడపకూడదు, ఒక్క గ్లాసైనా సరే. పేటలోని బారు నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం, నడిచి వెళ్లి నడిచి రావచ్చు. తాగని వారు ఇది విని మొదలుపెట్టాలని నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. తాగేవారు తక్కువ తాగాలి, తాగిన ఆ కొంచెమూ మంచిది తాగాలి, నెమ్మదిగా తాగాలి. 10 శాతం ఏల్ పక్కన ఎప్పుడూ ఒక పెద్ద గ్లాసు మంచినీళ్లు ఉండాలి.

ఇప్పుడు దుకాణం. బీరు దుకాణంలోకి అడుగు పెట్టగానే మీరు ముందు ఏం చూస్తారు? రంగురంగుల లేబుళ్లు చూస్తారు. నేను దీపాలు చూస్తాను, కిటికీలు చూస్తాను. హాప్స్ నుండి వచ్చిన చేదు పదార్థాల మీద వెలుగు పడితే ముక్కు మూసుకోవలసిన ఒక గంధకపు వాసన పుడుతుంది. నేరుగా ఎండ తగిలితే నిమిషాలు చాలు. గోధుమరంగు గాజు దీన్ని బాగా ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు, రంగులేని గాజు అసలు ఆపదు, డబ్బాలోకి వెలుగే పోదు. కాబట్టి కిటికీ పక్కన ఎండలో వరుసగా పేర్చిన సీసాలు కనిపిస్తే ఆ దుకాణదారుకు తన సరుకు గురించి తెలియదని అర్థం. రెండో శత్రువు వేడి. వేడి ఎక్కువైన కొద్దీ సీసాలో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ తన పని వేగంగా చేస్తుంది, బీరులో తడిసిన అట్ట వాసన వస్తుంది.

మూడోది తేదీ. ఇక్కడ ఘాటైన ఏల్‌లను రెండుగా విడదీసి చూడాలి, ఈ తేడా తెలియక చాలా డబ్బు వృథా చేసుకుంటారు. డబుల్ ఐపీఏ కూడా ఘాటైనదే, కానీ దాని ప్రాణం హాప్స్ వాసన. ఆ వాసన వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీ చేసే ప్లీనీ ద ఎల్డర్ 8 శాతం బీరు, దాన్ని దాచుకోవద్దని, తాజాగా తాగమని ఆ సీసా మీదనే ముద్రించారు. కనుక డబుల్ ఐపీఏ కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి, చల్లగా ఉంచారో లేదో చూడండి, నెలల నాటిదైతే ఎంత పేరున్నదైనా వదిలేయండి. బార్లీ వైన్, ఇంపీరియల్ స్టౌట్, ముదురు రంగు బెల్జియం ఏల్, వీటి సంగతి వేరు. వీటి ప్రాణం మాల్ట్‌లో ఉంది. హాప్స్ చేదు తగ్గే కొద్దీ ఎండిన పండ్ల రుచి, షెర్రీ వైన్‌ను తలపించే రుచి పైకి వస్తాయి. లండన్‌లో ఫుల్లర్స్ 1997 నుండి ఏటేటా వింటేజ్ ఏల్ తీసుకురావడం, మాంచెస్టర్ దగ్గర జె. డబ్ల్యు. లీస్ 1986 నుండి 11.5 శాతం హార్వెస్ట్ ఏల్ చేయడం ఈ గుణం మీద నమ్మకంతోనే.

ఇవన్నీ లేబులు చదివితే తెలుస్తాయా? అన్నీ తెలియవు. కొన్ని లేబుళ్ల మీద అంకె మోసపోయేలా కూడా ఉంటుంది. రోష్‌ఫోర్ సీసాల మీది 6, 8, 10 అనే అంకెలు ఆల్కహాలు శాతాలు కావు, వోర్ట్ సాంద్రతను కొలిచే పాత బెల్జియం పద్ధతి నుండి వచ్చినవి. ఆ మూడింటి అసలు ఆల్కహాలు 7.5, 9.2, 11.3 శాతం. ఇలాంటివి చెప్పడానికే మనిషి కావాలి. మంచి దుకాణదారు ముందు మీరు ఇంతకుముందు ఏం తాగారు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని అడుగుతాడు. చేదు ఇష్టమా తీపి ఇష్టమా, ఒక్కరే తాగుతారా నలుగురితో పంచుకుంటారా అని అడుగుతాడు. ఆ తరువాతే అరలో చేయి పెడతాడు. కొన్నిసార్లు చేతిలోని సీసా వెనక్కి పెట్టించి అంతకంటే చౌకైనది ఇస్తాడు. అలాంటి మనిషి మీ పేటలో ఉంటే అతని దగ్గరే కొనండి. పెద్ద అంగడిలో నాలుగు డబ్బులు తక్కువని అటు పోతే, ఆ చిన్న దుకాణం మూతపడిన రోజున మనకు సలహా చెప్పేవారు ఉండరు.

ఇంటికి తెచ్చాక చేయవలసినది కొంచెమే. సీసాలో ఈస్ట్ ఉన్న ఏల్ అయితే నిలువుగా ఉంచండి, మడ్డి అడుగుకు చేరుతుంది. పడుకోబెడితే అది పక్క గోడకు పట్టి, పోసేటప్పుడు అంతా కలిసిపోతుంది. చీకటిగా, 10 నుండి 13 డిగ్రీల చల్లదనంతో, ఉష్ణోగ్రత ఎక్కువ తక్కువ కాని చోటు చూసుకోండి. తెరిచాక గ్లాసు వంచి ఒకే ధారగా పోసి, అడుగున వేలెడు మందం వదిలేయండి. ఆ మడ్డి తాగినా హాని లేదు, కొందరికి ఇష్టం కూడా, కానీ మొదటిసారి అది లేకుండానే రుచి చూడండి. 750 మిల్లీలీటర్ల సీసా అయితే ఒక్కరే తెరవవద్దు, నలుగురు ఉన్నప్పుడు తెరవండి. రెండు మూడు రకాలు పెట్టుకుంటే తక్కువ ఆల్కహాలు ఉన్నదానితో మొదలుపెట్టండి, మాడ్చిన మాల్ట్ స్టౌట్‌ను చివరికి ఉంచండి, అది ముందు తాగితే తరువాతి వాటి రుచి నాలుకకు అందదు.

ఇక నిలవ చేయడం మొదలుపెట్టాలనుకునే వారికి ఒక్క పద్ధతి చెప్పి ఆపుతాను, తరువాత మీ ప్రశ్నలకు వద్దాం. ఒకే తేదీ ఉన్న బార్లీ వైన్ సీసాలు మూడు కొనండి. ఒకటి ఆ వారమే తాగి రంగు, వాసన, చేదు, తీపి, గొంతులో వెచ్చదనం ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుని, మిగిలిన రెండింటి మెడకు తేదీ కట్టండి. రెండోది ఏడాదికి తెరిచి పాత కాగితంతో పోల్చి చూడండి. చేదు తగ్గి తీపి నిండుగా అనిపిస్తే మూడోదాన్ని మరో రెండేళ్లు ఉంచవచ్చు. అట్ట వాసన మొదలైతే ఇంకా ఆగకుండా మూడోది కూడా ఆ నెలలోనే తాగేయండి, తరువాత మీ దుకాణదారుకు ఆ మాట చెప్పండి, అతనికీ అది పనికొస్తుంది.